కుంపటి నేర్పిన పాఠం

గత బక్రీదుకు ముందు సీఖ్ కబాబుల కోసం బొగ్గుల కుంపటిని స్వయంగా తయారు చేసుకోవాలని సంకల్పించాము. మార్కాపురంలో గిద్దలూరు రోడ్డుపై వెల్డింగ్ దుకాణం నడుపుతున్న యువకుడు ఒకప్పుడు మా మద్రసా విద్యార్థి. పాఠం కంఠస్థం కాక చదువు మధ్యలోనే మానేశాడు. "ఇతని వల్ల ఏమీ కాదు" అని ఆనాడు అన్నది మేమే.

మేము తీసుకెళ్లిన జింకు పూత రేకును అతడు పక్కన పెట్టాడు. "హజ్రత్, దీన్ని వెల్డింగ్ చేసేటప్పుడు వచ్చే పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. నిప్పుల కుంపటికి ఇది పనికిరాదు" అని 3 మిల్లీమీటర్ల మామూలు ఇనుప రేకు ఇచ్చాడు. మా చేయి ఒకేచోట ఆగి రేకుకు చిల్లు పడింది. అతడు నవ్వలేదు. "మళ్లీ చేయండి హజ్రత్" అన్నాడు. ఆ మాట నాలుగుసార్లు అన్నాడు.

దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం) కోసం అల్లాహ్ ఇనుమును మెత్తబరిచాడనీ, కవచపు కడియాలను సరైన కొలతతో కూర్చమన్నాడనీ దివ్య ఖుర్ఆన్ సబా సూరా 10, 11 ఆయతులు తెలుపుతున్నాయి. ఏళ్ల తరబడి బోధించిన ఆ ఆయతుల ముందు ఆ రోజు సిగ్గుపడ్డాము. అతడు మాపై చూపిన ఓర్పును మేము ఆనాడు అతనిపై చూపలేదు.

పండుగనాడు మొదటి కబాబులు అతని ఇంటికే తీసుకువెళ్లి, క్షమాపణ కోరాము.