సభకు ఒక రోజు ముందు

ఉద్యోగం పని మీద నేను షికాగో వెళ్లడం ఇది నాలుగోసారి. "షికాగో చూశారా?" అని ఎవరైనా అడిగితే ఇన్నాళ్లూ "ఓ, మూడుసార్లు!" అని ధీమాగా చెప్పేవాణ్ణి. నిజానికి నేను చూసినవి ఒక విమానాశ్రయం, మూడు హోటళ్లు, మెకార్మిక్ ప్లేస్ సభాభవనంలో తివాచీ పరిచిన నడవాలూను. మన సంఘంలో చాలామంది సంగతి ఇంతేననుకుంటాను. డాక్టర్లమైనా, ఇంజనీర్లమైనా, మెడలో బిళ్ల తగిలించుకుని లోపలికి వెళ్తాం, బిళ్ల తీసేసి విమానం ఎక్కుతాం.

ఈసారి అలా జరగకపోవడానికి కారణం మా నాన్నగారు. ఆయన రాజమండ్రి దగ్గర పల్లెటూళ్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఎనభై దాటినా సాయంత్రం పూట వీధి అరుగు మీద ఇరుగుపొరుగు పిల్లలకు పాఠాలు చెబుతూనే ఉంటారు. ప్రయాణం సంగతి ఫోనులో చెప్పగానే, "ఒరే, వివేకానందుడు మాట్లాడిన హాలు ఈసారైనా చూస్తావా?" అన్నారు. మూడుసార్లూ ఇదే అడిగారు. మూడుసార్లూ "టైము లేదు నాన్నగారూ" అనే చెప్పాను. ఆ "ఈసారైనా" అన్న మాట మనసులో గుచ్చుకుంది. సోమవారం సభ అయితే శనివారం రాత్రికే దిగాను. ఒక రాత్రి హోటలు ఖర్చు ఎక్కువైందని మా ఆవిడ గొణిగింది గాని, అడ్డు చెప్పలేదు.

ఆదివారం ఉదయం కోటు గుండీలన్నీ పెట్టుకుని మిషిగన్ అవెన్యూ మీద నడక మొదలుపెట్టాను. సరస్సు మీంచి వచ్చే గాలి హ్యూస్టన్ ఒంటికి కొత్త. కాసేపటికి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. గుమ్మానికి అటూ ఇటూ రెండు కంచు సింహాలు, మన గుళ్ల ముందు ద్వారపాలకుల్లాగా. ఆ వీధిలో ఆ ముక్కకు వివేకానందుడి పేరు గౌరవంగా పెట్టారు. ఆ పలక కనబడగానే తెలియకుండానే చెయ్యెత్తి దణ్ణం పెట్టాను.

1871లో షికాగో తగలబడిపోయింది. సుమారు 300 మంది చనిపోయారు, లక్షమందికి గూడు లేకుండా పోయింది. ఆ శిథిలాలను సరస్సులోకి తోసి పూడ్చిన నేల మీదే ఈ భవనం లేచింది. 22 ఏళ్లకే ఆ ఊరు ప్రపంచ ప్రదర్శనకు అందరినీ పిలిచింది. ఆ సందర్భంలోనే 1893 సెప్టెంబరు 11న ఇక్కడ సర్వమత సభ ప్రారంభమైంది.

లోపలికి వెళ్లి కాపలా ఉద్యోగిని అడిగాను, ఆ హాలు ఎక్కడని. ఆవిడ నవ్వి, "అందరూ అడుగుతారు. ఆ హాలు ఇప్పుడు లేదు" అంది. ఆ సభల కోసం తాత్కాలికంగా కట్టిన మందిరమట, తరవాత తీసేశారట. ఆ చోటికి ఆనుకుని ఇప్పుడున్నది పెద్ద మెట్ల వరస. 2010లో జితీశ్ కల్లాట్ అనే బొంబాయి చిత్రకారుడు ఆ మెట్ల మీదే స్వామి ఉపన్యాసాన్ని దీపాల అక్షరాల్లో పేర్చాడు. 1893 సెప్టెంబరు 11కీ, 2001 సెప్టెంబరు 11కీ ముడిపెట్టి చేసిన పని అది. నేను వెళ్లినప్పుడు దీపాలు లేవు, ఉత్త మెట్లే. స్కూలు పిల్లలు కొందరు కూర్చుని బొమ్మలు గీసుకుంటున్నారు. నేనూ ఒక పక్కన కూర్చున్నాను. చిన్నప్పుడు వక్తృత్వ పోటీకని ఆ ఉపన్యాసాన్ని నాన్నగారు నా చేత బట్టీ పట్టించిన సంగతి గుర్తుకొచ్చింది. ఆయనకేం చెప్పాలో మాత్రం తోచలేదు.

బయటికొచ్చి ఆడమ్స్ వీధిలో పడమటికి నడిచాను. నెత్తి మీద ఇనప స్తంభాల పైన రైలు దడదడలాడుతూ పోయింది. ఇంకొన్ని వీధులు దాటితే సియర్స్ టవర్. 2009లో విల్లిస్ టవర్ అని పేరు మార్చారు గాని, నాకు నోరు తిరగదు. 1974 నుంచి 1998 దాకా లోకంలో దీన్ని మించిన భవనం లేదు. 110 అంతస్తులు, 442 మీటర్లు. దీని నిర్మాణాన్ని రూపొందించిన ఇంజనీరు ఫజ్లూర్ రహమాన్ ఖాన్ 1929లో ఢాకాలో పుట్టాడు, 1952లో స్కాలర్‌షిప్ మీద చదువుకోడానికి ఇక్కడికి వచ్చాడు. మనందరి లాగే! కాలేజీలో ఆయన పద్ధతి పరీక్ష కోసం చదివాను. తొమ్మిది చదరపు గొట్టాలను కట్టగట్టి నిలబెట్టాడు. చీపురుపుల్లను ఇట్టే విరవచ్చు, చీపురుకట్టను విరవలేం, అంతే కిటుకు. గొట్టాలు కొన్ని 50వ అంతస్తులో, కొన్ని 66లో, కొన్ని 90లో ఆగిపోతాయి. రెండే రెండు పైదాకా వెళ్తాయి. పుస్తకంలో గీతలుగా చూసిన దాన్ని మెడ వెనక్కి వాల్చి చూస్తుంటే, ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉండి ఒక్కసారి కూడా ఇక్కడికి రాలేదే అని సిగ్గేసింది.

ఖాన్ 1982లో జెడ్డాలో గుండెపోటుతో పోయాడు, 52 ఏళ్లకే. తీసుకొచ్చి షికాగోలోనే సమాధి చేశారు. 1971లో తన వాళ్లు కష్టాల్లో ఉన్నప్పుడు ఇక్కడ సహాయ సంఘం పెట్టి చందాలు పోగుచేసినవాడు ఆయనే. రెండు ఊళ్లకూ చెందడమంటే ఇదేనేమో.

టవర్ పక్కనే నది. మురికి వెళ్లి తాగునీటి సరస్సులో పడుతోందని 1900లో కాలువ తవ్వి ఈ నదినే వెనక్కి తిప్పేశారు. ధవళేశ్వరం ఆనకట్ట చూస్తూ పెరిగినవాణ్ణి, నీళ్లను ఆపడం తెలుసు గాని ఇలా వెనక్కి నడిపించడం చూడలేదు. చీకటి పడేదాకా ఆ గట్టునే నడిచాను.

రాత్రి తొమ్మిదింటికి, అంటే అక్కడ తెల్లారి ఏడున్నరకి, నాన్నగారికి ఫోన్ చేశాను. "చూశావా?" అన్నారు. "హాలు లేదు నాన్నగారూ. ఎప్పుడో తీసేశారు. ఆ పక్కన మెట్లున్నాయి. పిల్లలు కూర్చుని బొమ్మలేసుకుంటున్నారు" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. "అయితే నలభై ఏళ్లు పిల్లలకు ఉన్నట్టే చెప్పానన్నమాట" అన్నారు. మళ్లీ ఆయనే, "పోనీలే, సాయంత్రం నుంచి మెట్లని చెబుతాను. ఎన్ని మెట్లున్నాయిరా?" అన్నారు.

లెక్కపెట్టలేదు. మంగళవారం విమానం ఎక్కే ముందు టాక్సీని ఆపి లెక్కపెడదామనుకున్నాను, టైము చాలలేదు. వచ్చే ఏడు సభ మళ్లీ అక్కడేనట. ఈసారి మా ఆవిడనీ, పిల్లలనీ తీసుకుని రెండు రోజులు ముందే వెళ్తాం.