నీళ్ళల్ల పోలేదమ్మా

మా వారికి బదిలీ అయి కరీంనగర్ నుంచి విశాఖపట్నం వచ్చింది 2022 జూన్‌లో. సామానంతా లారీకెక్కించి, తులసి కోటని మాత్రం మా పక్కింటి వాళ్ళకి ఇచ్చేసి వచ్చాం. అప్పటికి మా పాప ఆరో తరగతి, చిన్నోడు ఒకటో తరగతి. "సముద్రం ఊళ్ళో ఉంటున్నారు, అదృష్టవంతులు" అని అందరూ అన్నారు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే నాకు నీళ్ళంటే భయం.

ఆ భయానికో కారణం ఉంది. నా తొమ్మిదో ఏట మా పెద్దమ్మ కొడుకు, నాకంటే ఐదేళ్ళు పెద్ద, వ్యవసాయ బావిలో పడి పోయాడు. ఎండాకాలం సెలవులు. బాయి గట్టున కాలు జారింది. ఈత రాదు. మా అమ్మమ్మ ఇంటి ముందు వాణ్ణి పడుకోబెట్టిన దృశ్యం ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది. ఆ తరవాత మా ఇంట్లో ఆడపిల్లలం ఎవరం చెరువు వైపు కూడా వెళ్ళలేదు. అదే భయాన్ని నేను నా పిల్లలకి జాగ్రత్తగా, అన్నం ముద్దలు పెట్టినట్టు తినిపించాను.

విశాఖ వచ్చాక ఆదివారం బీచ్‌కి వెళ్తే అందరి పిల్లలూ అలల్లో గెంతుతుంటే మా ఇద్దరూ ఇసకలో గూళ్ళు కట్టుకునేవారు. నేను కొంగు బిగించి, వాళ్ళకీ సముద్రానికీ మధ్య పోలీసులా కూర్చునేదాన్ని.

ఇది ఒక బాధ అయితే, బడి ఇంకో బాధ.

జులై నెలాఖరున ఒకరోజు పాప బడి నుంచి వచ్చి సంచీ విసిరేసి, "అమ్మా, నేను రేపటికెల్లి బడికి పోను" అంది. ఎందుకు బిడ్డా అంటే చాలాసేపు చెప్పలేదు. చివరికి, "నేనేం మాట్లాడినా నవ్వుతున్నరు. 'గట్లనా' అని పేరు పెట్టిన్రు" అని ఏడ్చింది. తెలుగు క్లాసులో దానితో పాఠం చదివిస్తే గది గదంతా నవ్వారట.

అప్పుడు నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. "అయితే నువ్వూ వాళ్ళ లెక్కనే మాట్లాడు, ఏం పోయింది?" అన్నాను. కొత్త ఊరు, గొడవలెందుకు, సర్దుకుపోవాలి అనే ఆలోచన. ఆ రోజు నుంచి అది ఇంట్లో మాట్లాడటం తగ్గించేసింది. బడిలో ఎలాగూ మాట్లాడదు. నవంబరు వచ్చేసరికి మా గలగలలాడే పిల్ల, అడిగితే తప్ప నోరు విప్పని పిల్ల అయిపోయింది.

డిసెంబరు 16న అవతార్ రెండో భాగం విడుదలైంది కదా. క్రిస్మస్ సెలవుల్లో చిన్నోడు పేచీ పెడితే తెలుగు వెర్షన్‌కి వెళ్ళాం. మూడు గంటల పన్నెండు నిమిషాల సినిమా. ఇంటికెళ్ళి రాత్రి వంటేం చేయాలా అని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. కథ మొదలైన అరగంటకి వంట సంగతే మర్చిపోయాను.

చూడనివారి కోసం కాస్త చెబుతాను. పండోరా అనే ఊహాలోకంలో అడవిలో బతికే కుటుంబం ఒకటి. జేక్, నేతిరి, వాళ్ళ పిల్లలు. శత్రువులు వెంటాడుతుంటే, తమ వల్ల తమ జాతికి ముప్పు రాకూడదని పుట్టిన అడవిని వదిలేసి సముద్ర తీరానికి వలస వస్తారు. అక్కడ ఉండేవాళ్ళే మెట్‌కయినా జాతి. నేల మీదా ఉంటారు, నీళ్ళలోనూ ఉంటారు. పచ్చదనం కలిసిన నీలిరంగు ఒళ్ళు. చేప తోకలా వెడల్పాటి తోక, రెక్కల్లా పరుచుకున్న ముంజేతులు, నీళ్ళలో కళ్ళు కాపాడుకోవడానికి ఇంకో పల్చటి రెప్ప. సముద్రపు చెట్ల పెద్ద పెద్ద వేళ్ళకి వేలాడే, చాపల్లా అల్లిన ఇళ్ళు. ఆ అల్లిక చూస్తే మా ఊళ్ళో ఈత చాపలు గుర్తొచ్చాయి.

ఈ కుటుంబం అక్కడ దిగగానే ఏం జరిగిందో తెలుసా? ఊరంతా చుట్టూ మూగింది. నాయకుడి భార్య రోనాల్, నిండు గర్భిణి, వచ్చి వాళ్ళ సన్నటి తోకలు పట్టుకుని చూసి, ఈ చేతులతో, ఈ తోకలతో నీళ్ళలో ఏం పనికొస్తారని పెదవి విరిచింది. పిల్లల చేతులకి నాలుగు బదులు ఐదు వేళ్ళున్నాయని ఎత్తి చూపించింది. అక్కడి పిల్లలు నవ్వారు.

పక్కన మా పాప కుర్చీ అంచుకి జరిగింది.

తరవాత నాయకుడి కొడుకు, వాడి స్నేహితులు ఈ పిల్లల్ని ఏడిపిస్తారు. గొడవై కొట్టుకుంటారు. తండ్రి జేక్ ఏం చేశాడు? తన చిన్న కొడుకు లోఆక్‌నే వెళ్ళి క్షమాపణ చెప్పమన్నాడు. ఆశ్రయమిచ్చిన ఊళ్ళో గొడవ వద్దని. పాప నా వైపు తిరిగి ఒక్కసారి చూసింది. ఏమీ అనలేదు. అనుంటేనే బాగుండేది.

కానీ అదే ఊళ్ళో నాయకుడి కూతురు సిరేయా కూడా ఉంది. ఈ పిల్లలకి సముద్రాన్ని నేర్పింది ఆ అమ్మాయే. ముందు ఈత కాదు, ఊపిరి. పొట్టలోంచి నెమ్మదిగా ఊపిరి తీసుకోవాలి, గుండె వేగం తగ్గాలి, మనసు కుదుటపడాలి. అప్పుడే నీళ్ళు మనల్ని రానిస్తాయి అన్నట్టుగా నేర్పుతుంది. నీళ్ళలోకి దిగాక మాటలుండవు, చేతి సైగలే. ఆ సైగల భాషని సినిమా కోసం తయారు చేసింది సీజే జోన్స్ అనే నటుడట, ఆయనకి వినపడదు. ఇది తరవాత తెలిసింది.

ఈ సముద్రపు జాతి పద్ధతుల్లో నాకు బాగా నచ్చింది తల్కున్‌ల రాక. అవి తిమింగలాల్లాంటి పెద్ద జీవులు. ఏటా వలస వెళ్ళి తిరిగొస్తాయి. ఊళ్ళో ప్రతి ఒక్కరికీ వాటిలో ఒక తోడబుట్టిన ఆత్మ ఉంటుంది. అవి వచ్చిన రోజు ఊరంతా నీళ్ళలోకి దూకి ఎదురెళ్తారు. రోనాల్ తన తల్కున్ అక్కతో కష్టసుఖాలు చెప్పుకుంటుంది. బతుకమ్మకి ఆడపడుచులు పుట్టింటికొచ్చినప్పుడు మా ఊరి బస్టాండు ఎలా ఉంటుందో, ఆ సముద్రం అలా కనిపించింది నాకు.

తరవాత యుద్ధం. వాళ్ళ పెద్ద కొడుకు నెటెయమ్ చనిపోతాడు. నేతిరి కొడుకు మీద పడి ఏడుస్తుంటే హాల్లో నేను ఆపుకోలేకపోయాను. తొమ్మిదేళ్ళ వయసులో చూసిన మా పెద్దమ్మే కనిపించింది.

ఇంటికొచ్చాక రాత్రి పాపకి జడ విప్పుతూ అన్నాను, "చూసినవా? పిల్లల్ని కాపాడుకుందామని నీళ్ళ దగ్గరికి తెస్తే, ఆ నీళ్ళల్లనే కొడుకు పోయిండు. అందుకే నేను వద్దంట." ఎందుకన్నానంటే, వాళ్ళ బడి పిల్లలు చాలామంది ఈత నేర్చుకుంటున్నారు, తననీ చేర్చమని రెండు నెలలుగా అడుగుతోంది.

అది అద్దంలోంచి నన్ను చూసి అంది, "ఆ అన్న నీళ్ళల్ల పోలేదమ్మా. తుపాకి గుండు తాకి పోయిండు. నీళ్ళు ఏం చేసినయి?"

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"ఇంకోటి చూడలేదా నువ్వు? ఓడ మునిగినప్పుడు వాళ్ళ బాపుకి ఊపిరి పట్టుడు రాలే. లోఆక్ నేర్పిండు. నేర్చుకున్నోడే గద బాపుని బయటికి తెచ్చింది?"

నిజమే. మునుగుతున్న ఓడలో చిక్కుకున్న తండ్రికి, సిరేయా దగ్గర నేర్చుకున్న ఊపిరి పాఠం కొడుకే చెబుతాడు. తల్లినీ చెల్లెల్నీ కీరీ వెలుతురు చేపల సాయంతో బయటికి తెస్తుంది. అంత ఏడ్చిన నేను ఆ సంగతి పట్టించుకోనేలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళుగా అన్నయ్యని బావి మింగిందనే అనుకుంటున్నాను. మా ఇంట్లో అందరం అలాగే అంటాం. వాడికి ఈత రాకపోవడం మింగిందని ఒక్కరం కూడా అనలేదు. ఆ రోజు గట్టు మీద ఈత వచ్చినవాళ్ళు ఒక్కరున్నా ఏమయ్యేదో. దాని నుంచి మేం నేర్చుకోవలసింది ఈత. నేర్చుకున్నది మాత్రం భయం.

పొద్దున్నే అమ్మకి ఫోన్ చేసి, పాపని ఈతకి పంపిద్దామనుకుంటున్నా అని చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. "మీ పెద్దమ్మకి చెప్పకు" అంది చివరికి. మళ్ళీ తనే, "పంపు బిడ్డా. మంచిగ నేర్పేటోళ్ళ దగ్గర పంపు" అంది.

2023 వేసవిలో చేర్చాం. మొదటి వారమంతా నేర్పే ఆవిడ పిల్లల్ని గట్టు పట్టుకుని ముఖం నీళ్ళలో పెట్టి బుడగలు వదలమంది, అంతే. పాప ఇంటికొచ్చి, "అచ్చం సిరేయా లెక్కనే అమ్మా, ముందు ఊపిరే" అని మురిసిపోయింది. ఒక్కటి మాత్రం ఆవిడ పిల్లలందరికీ గట్టిగా చెప్పింది. ఊపిరి బిగబట్టే పందేలు ఒంటరిగా ఎప్పుడూ చేయకూడదు, పక్కన పెద్దవాళ్ళు ఉండాల్సిందే. సినిమా చూసి వచ్చిన పిల్లలున్న తల్లులకి ఇది నేనూ చెబుతున్నాను. సినిమాలో రోనాల్‌గా చేసిన కేట్ విన్‌స్లెట్ ఏడు నిమిషాలకు పైగా ఊపిరి పట్టిందంటే, పక్కనే నిపుణుల్ని పెట్టుకుని ఎంతో సాధన చేశాకే. పద్నాలుగేళ్ళ కీరీగా చేసిన సిగౌర్నీ వీవర్‌కి అప్పటికి దాదాపు డెబ్బై ఏళ్ళ వయసు. ఆవిడా నీళ్ళలోకి దిగింది. నేను నలభైకే వయసైపోయిందని కూర్చున్నాను.

బడి సంగతి అడుగుతారేమో. సినిమాలోలాగా ఒక్కరోజులో మారలేదు. నేను పాప దగ్గర కూర్చుని, "నీ మాట మార్చుకొమ్మన్నది నా తప్పు" అని చెప్పాను. అది ఏం మాట్లాడలేదు గానీ, పడుకునేటప్పుడు పక్కకి వచ్చి చేయి వేసింది. దాని బెంచీలో కూర్చునే శ్రీకాకుళం అమ్మాయి ఒకరోజు మా ఇంటికొచ్చి అన్నం తింటూ, "ఆనపకాయ కూరా?" అంది. పాప కళ్ళు పెద్దవి చేసింది. "మేమూ ఆనిగెపుకాయనే అంటం! సొరకాయ అనలేదని బడిల నవ్విన్రు!" "నన్నూ నవ్వుతారు, 'ఏటి' అంటానని" అందా పిల్ల. అంతే, ఇద్దరూ ఒక జట్టు. ఇద్దరూ ఒకే ఈత బ్యాచ్. నీళ్ళలో వాళ్ళిద్దరికీ సొంత సైగలున్నాయి. నీళ్ళలోకి దిగాక ఎవరి యాస ఏదో ఎవరికి తెలుస్తుంది?

సినిమాలో నేతిరి దగ్గర ఒక పూసల దండ ఉంటుంది. బతుకులో ముఖ్యమైన ప్రతి సంగతికీ ఒక పూస. బిడ్డ పుడితే ఒకటి, ఇంకోటి జరిగితే ఇంకోటి. పాప దాన్ని చూసి భీమిలిలో ఏరుకున్న గవ్వలతో నాకొకటి కట్టి ఇచ్చింది. తను పుట్టినందుకు ఒకటి, తమ్ముడికి ఒకటి, విశాఖ వచ్చినందుకు ఒకటి, మొదటిసారి కొలను ఈ చివర నుంచి ఆ చివరకి ఈదినందుకు ఒకటి. చివర్న ఒక చిన్న నల్ల గవ్వ. ఇదెందుకే అన్నాను.

"మామకి. పేరు నాకు తెల్వదు, నువ్వెప్పుడు చెప్పలే."

ఆ రోజు దానికి మా అన్నయ్య పేరు చెప్పాను. గాలిపటాలు ఎలా ఎగరేసేవాడో, నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని ఎలా పడేశాడో, అన్నీ చెప్పాను. ముప్పై ఏళ్ళలో వాడు ఎలా పోయాడో కాక, ఎలా ఉండేవాడో మాట్లాడటం అదే మొదటిసారి.

ఇప్పుడు ఆదివారం బీచ్‌కి వెళ్తే నేను పిల్లలకీ సముద్రానికీ మధ్య కూర్చోవడం లేదు. అలాగని లోతుకీ పోనివ్వను, కొత్త చోట దిగనివ్వను, సముద్రం కొలను కాదు కదా. మోకాళ్ళ లోతు దాకా వాళ్ళతో పాటు నేనూ వెళ్తాను. అల వచ్చినప్పుడు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. "పొట్టల కెల్లి తీసుకో అమ్మా ఊపిరి, మెల్లగ" అంటుంది పాప, నా చెయ్యి గట్టిగా పట్టుకుని. ఈ ఎండాకాలం ఆడవాళ్ళ బ్యాచ్‌లో నా పేరు కూడా రాయించింది. వెళ్తానో, మధ్యలో మానేస్తానో వచ్చి మీకే చెబుతాను.