ఉగ్గుగిన్నెకు సరిపడా మిద్దెతోట

మదనపల్లె వాళ్లకు టమాటా గురించి చెప్పడమంటే తిరుపతిలో లడ్డూలు అమ్మబోవడమే. అయినా అడుగుతాను. 2023 జులైలో అక్కడి మార్కెట్లో కిలో 200 రూపాయల దరిదాపులకు పోయిన కాయే, ఇంకో కాలంలో అడిగే దిక్కులేక రోడ్డు పక్కన రాశిగా పడి ఉంటుంది కదా? అంత జూదం నెత్తిన పెట్టుకున్న రైతు, కాయతొలిచే పురుగు కనబడితే చేతులు కట్టుకుని కూర్చోలేడు. మందు కొడతాడు. ఆయన్ని తప్పు పట్టను. మరి మన ఇంట్లో పళ్లయినా రాని బుజ్జిదానికి ఏ కాయ పెట్టాలి?

ఆరు నెలలు నిండిన బిడ్డ మొదట్లో పూటకు తినేది రెండు మూడు చెంచాలు. తర్వాత నెమ్మదిగా అరకప్పు దాకా వస్తుంది. ఇంతోటి దానికి ఎకరాలెందుకండీ? మిద్దె మీద నాలుగు తొట్లు చాలు. హైదరాబాదులో కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు మిద్దెతోటల మాటను ఎందరి చెవినో వేశారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్లు. చలికాలంలో క్యారెట్, బీన్స్ ముద్దుగా వస్తాయి. సొరతీగ, గుమ్మడితీగ పిట్టగోడెక్కి పారతాయి. గెనుసుగడ్డ అయితే పాత సంచిలో కూడా ఊరుతుంది.

ఎరువు సంగతికొస్తే పుంగనూరు వాళ్ల ముందు మనం నిలవలేం. నడుమెత్తు కూడా రాని ఆ పొట్టి ఆవు పేరు దేశమంతా తెలుసు. పక్కనే పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో ఆ జాతిని కాపాడుతున్నారు. ప్రకృతి వ్యవసాయం నేర్పే సుభాష్ పాలేకర్ లెక్కలో ఎకరాకు పోసే జీవామృతమనే ద్రవ ఎరువంటే 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మట్టి, 200 లీటర్ల నీళ్లు. మన తొట్లకు దాన్ని నూరోవంతు చేసుకుంటే సరి: వంద గ్రాముల పేడ, రెండు లీటర్ల నీళ్లు. మన రాష్ట్రంలో ఊరూరా సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం 2024లో అంతర్జాతీయ గుల్బెంకియన్ బహుమతి అందుకున్నవాళ్లలో ఒకటి. కాబట్టి ఇదేదో ముసలివాళ్ల చాదస్తమని కొట్టిపారేయకండి.

కానీ ఒకచోట గట్టిగా చెబుతాను. ఆవుదైనా సరే, పచ్చి పేడలో రోగం తెచ్చే క్రిములుండొచ్చు. అమెరికావాళ్ల సేంద్రియ నిబంధనల ప్రకారం పచ్చి ఎరువు వేశాక, మట్టి తగిలే పంటను 120 రోజుల దాకా కోయకూడదు. మట్టి తగలనిదైతే 90 రోజులు. బిడ్డ తినే ఆకుకూర మీద జీవామృతం చల్లి మర్నాడు కోయడం భక్తి అవుతుందేమో గానీ తెలివి కాదు. బిడ్డ తొట్టికి బాగా మాగిన ఎరువునే, విత్తనానికి ముందే కలపండి. కోసిన కాయను కడిగి, తొక్క తీసి, మెత్తగా ఉడికించండి. పాలకూర, బీట్‌రూట్ గుజ్జు ఏ పూటకాపూట చేయాలి. వాటిలో నైట్రేట్లు ఎక్కువ, నిలవుంచితే చెరుపు చేస్తాయి. సేంద్రియమైనా అంతే.

కుప్పం వాళ్లను అడగాల్సింది రాగుల గురించి. వంద గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం! రాగుల్ని నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకొచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి విసరమని అవ్వలు చెప్పేది ఊరికే కాదు. మొలకలో పుట్టే ఎంజైము పిండిపదార్థాన్ని విరగ్గొడుతుంది. దాంతో జావ జారుగా ఉంటుంది, బలం తగ్గదు. ఉత్త పిండైతే గట్టిపడుతుందని నీళ్లు పోస్తాం, బిడ్డ పొట్ట నీళ్లతో నిండుతుంది. ఆ జావలో గెనుసుగడ్డ గుజ్జు, కాస్త నెయ్యి కలపండి. కూరగాయలొక్కటే పెడితే ఇనుము చాలదు. పెసరపప్పు, గుడ్డు కూడా పడాలి. ఏడాది నిండేదాకా ఉప్పు, చక్కెర వద్దు. తేనె అసలే వద్దు, అందులో ఉండే అవకాశమున్న బొటులిజం క్రిమి పసికందుకు ప్రాణాంతకం కావచ్చు. నాలుకకు తేనె రాసే పెద్దవాళ్లకు కోపమొస్తే రానివ్వండి. అమ్మపాలు మాత్రం మానొద్దు.

గుమ్మడికి గింజ నుంచి కాయ దాకా మూడు నాలుగు నెలలు పడుతుంది. ఇంట్లో రెండో నెల బిడ్డ ఉంటే, ఈ వారమే గింజ పెట్టండి.