శ్రీశైలం దారిలో మా చిన్నకారు

పాతకారులో శ్రీశైలం వెళ్ళివస్తామంటే మా వీధిలోవారు నవ్వారు. "నల్లగొండలో బస్సులు లేవా సార్?" అన్నారు. కాని అమ్మ పట్టు అమ్మది. మీ నాన్న కొన్న కారులోనే మల్లన్న దర్శనానికి వెళ్ళాలన్నది. నాన్నగారు 1998లో కొన్న మారుతి 800 అది. ఆయన పోయిన తర్వాత దానిని అమ్మివేద్దామని నేనొక బేరం మాట్లాడి ఉన్నాను. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు.

1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ నిలిచిపోయిన ఈ చిన్నకారు ఎన్ని మధ్యతరగతి ఇళ్ళకు మొదటి వాహనమో చెప్పనక్కరలేదు. 3 సిలిండర్లు, 796 సీసీల ఇంజను. అందులో అమ్మ, నా భార్య, మా అబ్బాయి, నేను, పులిహోర డబ్బా.

దేవరకొండ దాకా బండరాళ్ళ గుట్టలు, తాటిచెట్లు, ప్రత్తిచేలు. పద్మనాయకరాజుల కోట గుట్టమీద గోడలు గోడలుగా కనిపించింది. డిండి దగ్గర హైదరాబాదు రోడ్డులో కలిసి, పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ప్రవేశించాం. కారు హాయిగా సాగింది. నా డ్రైవింగు మీద నాకే గౌరవం కలిగింది.

ఆ గౌరవం మన్ననూరు అటవీశాఖ గేటు దాకానే. అక్కడినుంచి నల్లమల పులుల అడవి; రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లను పోనివ్వరు. మేము చేరింది మధ్యాహ్నమే కాని, గేటుముందు బండ్ల బారు ఉన్నది. ఎండలో అడుగడుగునా ఆగుతూ జరుగుతున్నాం. వేడి చూపించే ముల్లు మెల్లగా పైకి లేచి ఎర్రగీతను తాకింది. బానెట్‌లోంచి సన్నగా ఆవిరి!

కారును ప్రక్కకు తీసి ఇంజను ఆపాను. అబ్బాయి నీళ్ళసీసాతో వచ్చి నాకానుకొని నిలబడ్డాడు. నేను జేబురుమాలు చుట్టుకొని రేడియేటరు మూత మీద చెయ్యి వేశాను.

"ఆగుండ్రి సార్! మూత ముట్టకుండ్రి!"

ఎదుటి పంక్చరు దుకాణంలోంచి ఒక ముసలాయన పరుగున వచ్చి నా చెయ్యి లాగివేశాడు. "మొఖం కాలుతది. పక్కన పిలగాడున్నడు, సూస్తలేరా?"

తర్వాత ఆలోచిస్తే నా ఒళ్ళు జలదరించింది. బిగించిన మూతక్రింద నీరు ఒత్తిడిలో ఉంటుంది. అందువల్ల నూరు డిగ్రీలు దాటినా మరగదు. మూత వదులుకాగానే ఒత్తిడి పోయి, ఆ నీరు ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి చిమ్ముతుంది. ఇరవై యేళ్ళుగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెబుతున్న నాకు ఇంత చిన్న సంగతి తెలియదు.

ఆయన మమ్మల్ని చింతచెట్టు నీడన కూర్చోబెట్టి, ఒక ప్రశ్న వేశాడు. "జోరుగ పోతున్నప్పుడు ముల్లు మంచిగనే ఉన్నదా?"

"ఉన్నది."

"నిలవడ్డంకనే ఎక్కిందా?"

"అవును."

"అయితే ఫ్యాను తిరుగుతలేదు."

కారు వేగంగా పోతూ ఉంటే ఎదురుగాలే రేడియేటరును చల్లార్చుతుంది. నిలిచిన కారుకు ఫ్యానే గతి. ముల్లు జోరులో కూడ ఎక్కితే నీటి తక్కువో, రేడియేటరు పూడికో చూడాలట. ఆయన ఫ్యాను తీగలను నేరుగా బ్యాటరీకి తగిలించాడు. గిర్రున తిరిగింది. మోటారు మంచిదే. ఫ్యూజు కూడ బాగున్నది. వేడి చూచి ఫ్యానును నడిపించే స్విచ్చి దగ్గర తీగల కొస చిలుము పట్టి ఉన్నది. గరుకుకాగితంతో రుద్ది బిగించాడు. గంట గడిచి ఇంజను చల్లారాక మందపాటి గుడ్డతో మూత తీసి, తగ్గిన నీళ్ళు పోశాడు. ఇంజనును నిలకడగా నడిపి, ఫ్యాను తనంతట తాను తిరిగేదాకా ఊరుకోలేదు.

యాభై రూపాయలు పుచ్చుకొని, "ఘాటు ఎక్కేటప్పుడు ఏ గేరో, దిగేటప్పుడు గదే గేరు సార్. బ్రేకు మీదనే కాలు పెట్టకుండ్రి" అని సాగనంపాడు.

ఆ మాట ఈగలపెంట దాటాక అక్కరకు వచ్చింది. రోడ్డు మలుపులు తిరుగుతూ కృష్ణలోయలోకి దిగుతుంది. రెండో గేరులో ఇంజనే కారును పట్టి ఉంచింది. మా ముందు పోయే కారువారు బ్రేకు తొక్కుతూనే ఉన్నారు. కాలిన వాసన మా దాకా వచ్చింది. అలా వేడెక్కిన బ్రేకు అవసరానికి పట్టదు. క్రింద డ్యాము, పాతాళగంగ చూచి అమ్మ చేతులు జోడించింది.

తిరుగుప్రయాణంలో అమ్మ ఉన్నట్టుండి, "కారు అమ్మేస్తున్నావటగదరా" అన్నది.

నేను ఉలిక్కిపడ్డాను. "నీకెవరు చెప్పారు?"

"బేరగాడు వచ్చి టైర్లు తన్ని చూచినప్పుడే తెలిసింది. నడపడం విసుగైతే అమ్ము. చేతకాక మాత్రం అమ్మకు."

ఇప్పుడు ఆదివారం ఉదయం, ఇంజను చల్లగా ఉండగానే, అబ్బాయి బానెట్ ఎత్తుతాడు. నీళ్ళు, ఆయిలు, బ్రేకు నూనె, టైర్ల గాలి చూచి, నాకు పాఠం ఒప్పజెబుతాడు. బేరగాడికి ఇంకా జవాబివ్వలేదు.