నలభై డిగ్రీల జ్వరం

బాలలూ! రెండు బిందువులు తెలిస్తే సరళరేఖ సమీకరణం వస్తుందని నల్లబల్లమీద ఎన్నిసార్లు చెప్పానో! దాన్ని నిజంగా వాడుకున్నది మాత్రం ఒక చలిరాత్రి.

1986లో కరీంనగర్ నుంచి బదిలీ అయి ఆదిలాబాద్ జిల్లాలో ఒక బడిలో చేరాను. చలికాలంలో అక్కడ పది డిగ్రీలకన్న దిగువకు పోవడం మామూలే. ఆ రాత్రి వసతిగృహంలో ఒక కుర్రవాడు వణుకుతూ పడుకున్నాడు. అక్కడున్న థర్మామీటరు సెల్సియస్‌ది.

"నలభయ్యే ఉంది సార్, నూరు దాటలే" అన్నాడు వాచ్‌మన్. మనం జ్వరాన్ని ఫారన్‌హీటులో చెప్పుకుంటాం గదా! లెక్కల మాస్టరునై ఉండీ, మార్చే సూత్రం నాకు సమయానికి గుర్తు రాలేదు.

రెండు సంగతులు మాత్రం మరవలేదు. మంచు కరిగేచోట సెల్సియస్ 0, ఫారన్‌హీటు 32. నీరు మరిగేచోట 100, 212. ఇవే మన బిందువులు: (0, 32), (100, 212). రెండు కొలతల్లోనూ గీతలు సమదూరంలోనే ఉంటాయి కాబట్టి వీటిని కలిపేది సరళరేఖే. అటు 100 పెరిగితే ఇటు 180 పెరుగుతుంది. వాలు 180/100, అనగా 9/5. సున్నా దగ్గర 32 ఉండనే ఉంది. కనుక,

ఫా = 9/5 × సె + 32

సె బదులు 40 వేయండి. 72, 32 కలిపితే 104!

వెంటనే జీపు సంపాదించి ఆస్పత్రికి తీసుకుపోయాం. మలేరియా అన్నారు. వారం తరవాత వాడు బడికి వచ్చి, "సార్, రెండు థర్మామీటర్లూ ఒకే అంకె చూపే చలి ఉంటదా?" అని అడిగాడు.

ఉంది. ఆ సమీకరణంతోనే మీరూ కనుక్కోండి. సున్నాకు దిగువన వెతకాలి సుమా!