గాలి కోసం కట్టిన ఊరు

మదనపల్లె అంటే మనకు టమాటా మార్కెట్టు, హార్సిలీ హిల్స్. తిరుపతి నుంచి బస్సెక్కిన కుర్రాళ్లం కొండ మీద సెల్ఫీలు దిగి వచ్చేస్తాం. ఈసారి నేను ఊరికి దగ్గర్లోనే ఉన్న ఆరోగ్యవరంలో ఆగాను.

ఇక్కడి క్షయ శానటోరియం 1915లో మొదలైంది. డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ తొలి సూపరింటెండెంట్. అప్పటికి టీబీకి మందు లేదు. దాదాపు 700 మీటర్ల ఎత్తు, పొడి గాలి, విశ్రాంతి, మంచి తిండి... ఇవే వైద్యం.

కానీ అందరికీ చోటెక్కడిది? రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, 1946లో భోర్ కమిటీ లెక్కేస్తే ఏటా 5 లక్షల మంది టీబీతో పోతున్నారని తేలింది. దేశమంతటికీ ఉన్న పడకలు సుమారు 6 వేలే! 1948లో మదనపల్లెలో బీసీజీ టీకా ప్రయోగాత్మకంగా మొదలైంది. దేశంలో ఆ టీకా ముందుగా వేసిన చోట్లలో ఇదొకటి.

తర్వాత స్ట్రెప్టోమైసిన్ లాంటి మందులొచ్చాయి. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధనలో కొందరికి శానటోరియంలో, కొందరికి ఇంట్లోనే ఏడాదిపాటు అవే మందులిచ్చారు. ఇళ్లేమో ఇరుకు, తిండి అంతంతమాత్రం. అయినా ఇంట్లో ఉన్నవాళ్లకీ దాదాపు అంతే బాగా నయమైంది. కుటుంబసభ్యులకు అదనంగా అంటుకున్నదీ లేదు. 1959లో ఈ ఫలితం వచ్చాక శానటోరియంల అవసరమే తగ్గిపోయింది.

అలాగని ఇల్లు ఎలా ఉన్నా ఫర్వాలేదా? మందు మొదలుపెట్టేలోపు గాలాడని గదిలో దగ్గే ప్రతి దగ్గూ పక్కవాడికి ప్రమాదమే.

తిరుపతిలో మా రూములో ఆరుగురం. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ. మాలో ఒకడికి మూడు వారాలైనా దగ్గు తగ్గలేదు. కఫం పరీక్షలో టీబీ అని తేలింది. ఆరు నెలల మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు అకౌంట్లో పడతాయి. కోర్సు ఆపకుండా వాడాడు, నయమైంది. మందు సులువుగానే దొరికింది గానీ, విషయం తెలిసి ఓనరు ఖాళీ చేయమన్నాక వాడికి గది దొరకడమే గగనమైంది.

ఈ చెట్ల కింద నిలబడితే ఒకటే అనిపించింది. గాలి కోసం మన పెద్దలు ఏకంగా ఓ ఊరే కట్టుకున్నారు. మనం రూము చూడ్డానికెళ్తే ముందు వైఫై అడుగుతాం. కిటికీ తెరుచుకుంటుందో లేదో కూడా చూడండి. రూమ్మేటుకి రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే, వాణ్ని వెలివేయొద్దు. పరీక్షకు తీసుకెళ్లండి.