లింగాల్ కథకు ఏ నంబరు?

పుస్తకం వెన్ను మీద నంబరు అతికించడం గుమాస్తా పని అనుకునే ఉపాధ్యాయులు మాలో చాలామంది. నాకైతే ఆ నంబరు ఒక తీర్పులా కనిపిస్తుంది.

అమెరికాలో మెల్విల్ డ్యూయీ 1876లో అచ్చువేసిన పద్ధతే నేటికీ చాలా గ్రంథాలయాల్లో నడుస్తున్నది. జ్ఞానమంతటినీ పది తరగతులు చేసి 000 నుండి 999 దాకా నంబర్లిచ్చాడు. 200 మతం, 300 సామాజిక శాస్త్రాలు, 800 సాహిత్యం. మతానికిచ్చిన వందలో 220 నుండి 289 దాకా బైబిలుకూ క్రైస్తవానికే పోయాయి. మిగతా లోకమంతా 290లలో సర్దుకోవాలి. బీరువా ఎవరింట్లో తయారైతే వాళ్ళ సామానుకే చోటెక్కువ.

ఆ ఇరుకులో కూడా రామాయణానికి 294.5922 అని మతగ్రంథాల మధ్య చోటు దొరికింది. మా గోండుల పహండి కుపార్ లింగాల్ కథ అచ్చయి మా ఆశ్రమ పాఠశాలకు వచ్చినప్పుడు మాత్రం, జాబితాలో దాని పక్కన 398 అని ఉంది. అంటే జానపదం. పొడుపుకథలు, సామెతలు ఉండే చోటు. అదే జాబితాలో హైమెన్‌డార్ఫ్ మా గురించి రాసిన పుస్తకానికి 305. ఆయన మా పెద్దల దగ్గర విని రాస్తే శాస్త్రం, ఆ కథే మేం చెప్పుకుంటే జానపదం!

జానపదం తక్కువని నేననను. కానీ లింగాల్ కథ మాకు పొద్దుపోక చెప్పుకునేది కాదు. గోండులను నాలుగు, ఐదు, ఆరు, ఏడు సగలుగా విడదీసింది లింగాలే. చూడండి, మా వర్గీకరణా అంకెలతోనే. ఊరికి కొత్త మనిషి వస్తే ఇంటిపేరు, సగ అడుగుతాం. ఆ ఒక్క అంకెతో అతను అన్నదమ్ముల వరుసా, వియ్యమందుకునే వరుసా తేలిపోతుంది. ఒకే సగలో పెళ్ళి లేదు. కాబట్టి ఆ కథ మాకు మతం, పెళ్ళి కట్టుబాటు, చరిత్ర, పాట. పుస్తకమేమో ఒక్కచోటే నిలబడుతుంది.

ఈ చిక్కు పెద్దలకూ తెలుసు. లెక్కలు చెప్పుకుంటూ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన ఎస్.ఆర్. రంగనాథన్, 1933లో కోలన్ వర్గీకరణ తెచ్చారు. విషయానికున్న ఒక్కో ముఖాన్నీ విడిగా గుర్తించి, కోలన్ గుర్తులతో కలిపి నంబరు కడతారు. నాలాంటి టీచర్ ట్రైనింగ్ చదువువాడికి అది కొంచెం బరువే. నేను తేలిక దారి పట్టాను. పుస్తకాన్ని 398లోనే ఉంచి, దానికి వేర్వేరు అంశాల కింద కార్డులు రాశాను: మతం, పెళ్ళి ఆచారాలు, గోండి సాహిత్యం, జానపదం.

ఐదో కార్డు ఇంకా పూర్తికాలేదు. కిక్రి మీద ఈ కథ పాడే పర్ధాన్ పెద్దల పేర్లు అందులో రాయాలి. ఎవరికి ఏ భాగం వచ్చో ఊరూరా అడుగుతున్నాను. ఇప్పటికి ముగ్గురు దొరికారు.